రమ్మంటున్నారా, ఉండమంటున్నారా?

2022 ఫిబ్రవరి 15 సాయంత్రం మా అన్న కోరుట్ల నుంచి ఫోన్ చేశాడు. "తమ్మీ, వాట్సాప్‌ల ఒక కాగితం పంపిన, చూడు. ఎంబసోళ్ళదట. ఏమంటున్నరో చెప్పు" అన్నాడు.

అన్న బిడ్డ అప్పటికి ఉక్రెయిన్‌లో, ఖార్కివ్‌లో, మెడిసిన్ మూడో సంవత్సరం. అన్నది మోటార్ల వైండింగ్ షాపు. పిల్లను పంపడానికి రెండెకరాలు కుదువ పెట్టాడు. పదిహేను రోజులుగా టీవీలో రష్యా ట్యాంకులు సరిహద్దులో నిలబడ్డ బొమ్మలే చూపిస్తున్నారు. వదిన అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. అలాంటి సమయంలో వచ్చింది ఆ కాగితం.

కీవ్‌లోని మన రాయబార కార్యాలయం విడుదల చేసిన ఒక్క పేజీ అది. పరిస్థితి ఎటు పోతుందో తెలియదు కాబట్టి ఉక్రెయిన్‌లో ఉన్న భారతీయులు, ముఖ్యంగా అక్కడ ఉండడం అత్యవసరం కాని విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్ళిపోయే సంగతి ఆలోచించుకోవచ్చు అని దాని సారాంశం. ఇంగ్లీషులో "మే కన్సిడర్ లీవింగ్ టెంపరరీలీ" అని ఉంది. ఎంబసీ మామూలుగానే పనిచేస్తోందని కూడా అదే కాగితంలో కింద ఉంది.

నేను చదివి చెప్పాను. అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "అంటే రమ్మంటున్నరా, ఉండుమంటున్నరా?"

"ఆలోచించుకోమంటున్నరు అన్నా."

"మనకేం తెలుస్తదిరా ఆలోచించనీకి? తెలిసినోళ్ళు వాళ్ళే గదా?"

నాకు జవాబు దొరకలేదు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు చదివి తెలుగులోకి మార్చే పనితోనే బతుకుతున్నాను. ఆ ఒక్క వాక్యాన్ని మా అన్నకు పనికొచ్చేలా తెలుగులో చెప్పలేకపోయాను. అందులో మాటలున్నాయి, సలహా లేదు. యుద్ధం ముంచుకొచ్చే చోట ఉన్నవాళ్ళకు ప్రభుత్వం చెప్పే మాట ఎలా ఉండాలన్న ఆలోచన ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

ముందు ఆ మాటలనే చూద్దాం. "ఉండడం అత్యవసరం కాని విద్యార్థి" అంటే ఎవరు? మా పిల్లకు తన చదువు అత్యవసరమే. దాని కోసమే పొలం కుదువలో ఉంది. క్లాసు తప్పితే మళ్ళీ విడిగా చేసి చూపించాలి. మూడో ఏడాదిలో క్రోక్-1 పరీక్ష ఉంటుంది, అది గట్టెక్కాలి. వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకోటి. ఆ సలహాకు సరిగ్గా వారం ముందు, ఫిబ్రవరి 8న, ఢిల్లీలో జాతీయ వైద్య కమిషన్ ఒక నోటీసు ఇచ్చింది. చైనాలో చేరబోయే పిల్లలను హెచ్చరిస్తూ, కేవలం ఆన్‌లైన్‌లో చేసిన వైద్య కోర్సులను తాము గుర్తించబోమని చెప్పింది. అది చైనా గురించే అయినా ఉక్రెయిన్‌లో ఉన్న ప్రతి పిల్లా చదివింది. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో క్లాసులు వింటే డిగ్రీ చెల్లుతుందా అన్న ప్రశ్న పిల్లల గ్రూపుల్లో రాత్రింబవళ్ళు తిరిగింది.

అంటే ప్రభుత్వంలో ఒక చేయి వచ్చేయడం గురించి ఆలోచించుకోమంటోంది. ఇంకో చేయి, ఆన్‌లైన్ చదువు చెల్లదంటోంది. మధ్యలో పందొమ్మిది, ఇరవయ్యేళ్ళ పిల్లలు. 20వ తేదీన ఎంబసీ కాస్త గట్టిగా చెప్పింది, విద్యార్థులందరూ తాత్కాలికంగా వెళ్ళిపొమ్మంది. చార్టర్ విమానాల సంగతి కోసం స్టూడెంట్ కాంట్రాక్టర్లను కనుక్కోమంది. కాంట్రాక్టర్లంటే పిల్లలను అక్కడ చేర్పించిన ఏజెంట్లే. 22న మూడో కాగితం వచ్చింది. ఆన్‌లైన్ క్లాసుల గురించి యూనివర్సిటీలు ఖాయం చేసేదాకా ఆగకుండా బయల్దేరమంది. మొదటి రోజే చెప్పాల్సిన మాట అది. వైద్య కమిషన్ నోట ఒక్క వాక్యం, "ఈ నెలల ఆన్‌లైన్ చదువు లెక్కలోకి తీసుకుంటాం" అని 15వ తేదీనే చెప్పించి ఉంటే, ఆ రాత్రే సగం మంది పెట్టెలు సర్దుకునేవాళ్ళని నా నమ్మకం.

మా పిల్లకు 26వ తేదీ ఎయిరిండియా విమానానికి టికెట్ దొరికింది. 22న వచ్చిన విమానం ఒక లోడు పిల్లలను తెచ్చింది. 24 తెల్లవారుజామున యుద్ధం మొదలైంది. ఆ రోజు బయల్దేరిన విమానం, ఉక్రెయిన్ గగనతలం మూసేయడంతో దారిలోనే వెనక్కి తిరిగింది. 26వ తేదీ టికెట్ ఇప్పటికీ అన్న ఫోన్‌లో ఉంది. తీసెయ్యమంటే తీసెయ్యడు.

అప్పుడు చాలామంది అన్న మాట ఒకటుంది. "ముందే చెప్పారు కదా, వీళ్ళే వినలేదు." మా చుట్టాల్లోనూ అన్నారు. నిజమే, వినని వాళ్ళూ ఉన్నారు. విననివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. కానీ అదే ఫిబ్రవరి 11న బ్రిటన్ తన వాళ్ళకు, మామూలు విమానాలు నడుస్తుండగానే వెంటనే వచ్చేయమని చెప్పింది. అమెరికా 24 నుంచి 48 గంటల్లో బయటపడమంది, తర్వాత తీసుకొచ్చే ఏర్పాటు ఉండదని కూడా స్పష్టంగా చెప్పింది. మన ప్రభుత్వానికి రష్యాతో ఉన్న సంబంధాల లెక్కలు వేరు, అక్కడున్న మనవాళ్ళ సంఖ్య వేరు. ఇరవై వేల మందికి పైగా ఉన్నారు. భయం పుట్టించకూడదన్న జాగ్రత్తనూ అర్థం చేసుకోగలను. ఉక్రెయిన్ ప్రభుత్వమే అప్పటికి కంగారు పడొద్దంటోంది. అయినా, యుద్ధం వస్తుందో రాదో మాకూ తెలియదు, తెలియనప్పుడు పిల్లలు ఇంట్లో ఉండడమే మేలు, అందుకే రండి అని చెప్పడానికి ఏ దేశంతోనూ తగవు పెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు మార్చి 2 సంగతి చెప్తాను.

మా పిల్ల ఆరు రోజులు హాస్టల్ కింద నేలమాళిగలో ఉంది. మార్చి 1న అదే ఖార్కివ్‌లో సరుకుల కోసం బయటికెళ్ళిన కర్ణాటక అబ్బాయి షెల్లింగ్‌లో చనిపోయాడు. మర్నాడు వీళ్ళు ధైర్యం చేసి రైల్వే స్టేషన్‌కు వెళ్ళారు. వోక్జాల్ అంటారు అక్కడ. రైళ్ళు వస్తున్నాయి, వీళ్ళను ఎక్కనివ్వడం లేదు. ఆ మధ్యాహ్నం ఎంబసీ నుంచి మెసేజ్ వచ్చింది. నాలుగైదు వాక్యాలే. ఖార్కివ్ వెంటనే వదిలేయండి. పిసోచిన్, బాబాయి, బెజ్‌ల్యుదివ్కా ఊళ్ళకు వెళ్ళండి. సాయంత్రం ఆరింటికల్లా చేరాలి. బస్సూ రైలూ దొరక్కపోతే నడిచైనా వెళ్ళండి. పిసోచిన్ 11 కిలోమీటర్లు, బాబాయి 12, బెజ్‌ల్యుదివ్కా 16.

పిల్ల నాకు ఫోన్ చేసింది. "బాబాయ్, పదకొండు కిలోమీటర్లట. నడుస్తున్నం. మళ్ళ చేస్త" అని పెట్టేసింది. చార్జింగ్ అయిపోతుందని ముందే ముంజేతి మీద పెన్నుతో వాళ్ళ నాన్న నంబరు రాసుకుందట. అది నెల తర్వాత చెప్పింది. మంచులో, కాళ్ళు తడిసిపోయి, వెనక పేలుళ్ళు వినబడుతుంటే నాలుగు గంటలు నడిచారు. మనకు రాత్రి తొమ్మిదిన్నర అంటే అక్కడ ఆరు. తొమ్మిదిన్నర దాటింది, పది దాటింది. వదిన దేవుడి గది ముందు నేల మీదే కూర్చుంది. పదీ ఇరవైకి ఎవరిదో తెలియని నంబరు నుంచి "పిసోచిన్ చేరినం" అని రెండు మాటలు వచ్చాయి.

ఆ మార్చి 2 మెసేజ్‌ను చాలామంది తిట్టారు. పిల్లలను తూటాల మధ్య నడిపించారన్నారు. నేను మాత్రం దాన్ని తిట్టలేను. ఎక్కడికి వెళ్ళాలో ఉంది. ఎంత దూరమో ఉంది. ఎన్నింటిలోగానో ఉంది. బండి దొరక్కపోతే ఏం చేయాలో ఉంది. ఎనిమిదో తరగతి చదివిన మా అమ్మకు తెలుగులో చెప్తే ఒక్కసారికే అర్థమైంది. బాంబుల మధ్య గంటలో తయారైన ఆ నాలుగు వాక్యాలు మా పిల్లను బతికించాయి. మరి తొమ్మిది రోజుల వ్యవధి ఉండగా, విమానాలు ఎగురుతుండగా, తీరిగ్గా రాసిన కాగితంలో ఆ స్పష్టత ఎందుకు లేదు? నా బాధంతా అక్కడే ఉంది. గడువు ముంచుకొచ్చాక చెప్పగలిగిన వాళ్ళు ముందూ చెప్పగలరు.

తర్వాత పిల్లలను ఇంటికి తెచ్చిన ఆపరేషన్ గంగను తక్కువ చేయను. 90 విమానాలు, అందులో 14 వాయుసేనవి. పోలండ్, హంగరీ, రొమేనియా సరిహద్దుల్లో నిద్రలేకుండా పనిచేసిన అధికారులు, వలంటీర్లు ఉన్నారు. ఉక్రెయిన్‌లోని సూమీ నగరంలో ఇరుక్కున్న దాదాపు 700 మందిని మార్చి 8న బయటికి తెచ్చారు. ఆ మనుషులకు మా ఇల్లు రుణపడి ఉంటుంది. కానీ అంత పెద్ద తరలింపు చేయాల్సి రావడమే, ముందు చెప్పిన మాట పనిచేయలేదనడానికి గుర్తు.

మా చిన్నాయన సంగతి వేరు. ఆయనకు ఏ సలహా పత్రమూ చేరనే లేదు.

చిన్నాయన ఇరాక్‌లోని ఎర్బిల్‌లో నాలుగేళ్ళు పనిచేశాడు. వెళ్ళింది 2014లో, మోసుల్ ఐసిస్ చేతికి పోవడానికి కొన్ని వారాల ముందు. ఎర్బిల్ నుంచి మోసుల్ మా ఊరి నుంచి కరీంనగర్ అంత దూరం. ఆ జూన్‌లోనే మోసుల్ దగ్గర పనిచేస్తున్న 40 మంది భారతీయ కూలీలను ఐసిస్ పట్టుకుపోయింది. ఒక్కడు తప్పించుకున్నాడు. మిగతా 39 మంది చనిపోయారని 2018 మార్చిలో పార్లమెంటులో ప్రకటించారు. అవే రోజుల్లో తిక్రిత్ ఆసుపత్రిలో చిక్కుకున్న 46 మంది నర్సులు జులై 5న క్షేమంగా కొచ్చి చేరారు. వాళ్ళు విమానం ఎక్కింది ఎర్బిల్‌లోనే. అదే ఊళ్ళో చిన్నాయన కాంక్రీటు మోస్తున్నాడు. ఆయనకు ఆ విమానం సంగతి తెలియదు. ఇరాక్ వెళ్ళొద్దని ఢిల్లీ చెప్పిన సంగతీ తెలియదు.

ఎందుకు తెలియలేదో చూడండి. చిన్నాయన తొమ్మిదితో బడి మానేశాడు. పదో తరగతి పాస్ కాని వాళ్ళకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు ఇస్తారు. ఇరాక్, లిబియా, యెమెన్, సిరియా, సూడాన్, గల్ఫ్ దేశాలు కలిపి మొత్తం 18 దేశాలకు పనికి పోవాలంటే వాళ్ళు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. 1983 చట్టం కింద పెట్టిన రక్షణ అది, మంచిదే. ఏజెంటు ఆ బాధ లేకుండా విజిట్ వీసా మీద పంపాడు. విజిట్ వీసాకు క్లియరెన్స్ ఉండదు, కంపెనీ ఉండదు, బీమా ఉండదు. గడువు దాటగానే మనిషి ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాడు, అయిపోతాడు. గల్ఫ్ పోయొచ్చిన ఇళ్ళల్లో ఈ మాట తెలియని వాళ్ళుండరు. ఖల్లివెల్లి అయినవాడు పోలీసును చూసి దాక్కున్నట్టే ఎంబసీని చూసీ దాక్కుంటాడు.

ఒక్క సంగతి నన్ను బాగా కలచివేస్తుంది. ఈ మనిషి పదో తరగతి పాస్ కాలేదని ప్రభుత్వానికి తెలుసు. తెలిసే పాస్‌పోర్టును ఆ తరగతిలో పెట్టింది. ఆ మనిషికే ప్రాణం మీదికొచ్చే హెచ్చరికను ఇంగ్లీషులో రాసి వెబ్‌సైట్‌లో పెడుతుంది. కొన్ని సందర్భాల్లో భారతీయ భాషల్లో ఇచ్చిన మాట నిజమే. అది నియమం కాలేదు. చిన్నాయన లాంటి వాళ్ళు రాసింది చదవరు, వాయిస్ మెసేజ్ వింటారు. ముప్పై సెకన్లు తెలుగులో, ఉర్దూలో, భోజ్‌పురిలో ఒక మనిషి గొంతు చెప్తే ఎర్బిల్‌లోని ప్రతి లేబర్ క్యాంపుకూ గంటలో చేరుతుంది. దీనికి ఖర్చు కూడా ఏమంత కాదు.

చేరినా వచ్చేవాడా అని ఆయన్నే అడిగాను, తిరిగొచ్చాక. "బాకీ తీరనిది ఏ మొఖం పెట్టుకొని వస్త బిడ్డా" అన్నాడు. ఏజెంటుకు కట్టింది లక్షా డెబ్భై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. బాంబు పడొచ్చు, పడకపోవచ్చు. వడ్డీ మాత్రం నెలనెలా పడుతుంది. ఆయన లెక్క తప్పని నేను అనలేను.

అందుకే సలహా ఒక్కటే సరిపోదంటాను. యుద్ధ ప్రాంతంలో మనిషి ఉండిపోవడానికి ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. అటెండెన్సు, రాని జీతం, యజమాని దగ్గరున్న పాస్‌పోర్టు, ఊళ్ళో బాకీ. 2015లో యెమెన్‌లో యుద్ధం మొదలైనప్పుడు కొందరు నర్సులు రాలేకపోవడానికి జీతం బకాయిలూ ఒక కారణం. వచ్చేయండి అని చెప్పే చేయి ఆ కారణాన్ని కూడా కొంచెమైనా పట్టుకోవాలి. వైద్య కమిషన్‌తో ఒక ఉత్తర్వు, బ్యాంకుతో ఆరు నెలల వాయిదా, టికెట్‌కు ఒక ధర, ఇవేవీ ప్రభుత్వానికి చేతకానివి కావు. ఒక్క విదేశాంగ శాఖ చేతిలో ఉన్నవీ కావు. నలుగురూ ఒకచోట కూర్చోవాలి.

వచ్చేయడం కూడా ఆలస్యమైతే ప్రమాదమే. 2015 జులైలో లిబియాలోని సిర్తె యూనివర్సిటీలో పనిచేసే నలుగురు భారతీయ అధ్యాపకులు ఇంటికి రావాలనే బయల్దేరారు. ట్రిపోలీ, అక్కడి నుంచి ట్యునీషియా మీదుగా. సిర్తె నుంచి యాభై కిలోమీటర్లు రాగానే చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్నారు. కర్ణాటకకు చెందిన ఇద్దరిని రెండు రోజుల్లో వదిలారు. మిగతా ఇద్దరూ తెలుగువాళ్ళు, ఒకరు తెలంగాణ, ఒకరు ఆంధ్ర. 2016 సెప్టెంబరు దాకా బందీలుగానే ఉన్నారు. వాళ్ళు సలహా వినని మొండివాళ్ళు కారు, దారిలో ఉన్నవాళ్ళు. రోడ్డు ఏ రోజు దాకా పనికొస్తుందో ఇంట్లో కూర్చున్న మనం చెప్పలేం. ఎంబసీయే చెప్పగలదు.

కొన్నిసార్లు ప్రభుత్వం సలహా దాటి నిషేధమే పెట్టింది. 2016లో లిబియాకు, 2017లో యెమెన్‌కు. యెమెన్ ఉత్తర్వు ప్రకారం వెళ్ళినవాళ్ళ పాస్‌పోర్టు రద్దు చేసే వీలుంది. ఏజెంట్లకు కళ్ళెం వేయడానికి అది మేలే. కానీ అప్పటికే దొడ్డిదారిన వెళ్ళిపోయినవాడు, ప్రాణం మీదికొచ్చినప్పుడు ఏ ధైర్యంతో ఎంబసీ గడప తొక్కుతాడు? నిషేధం పెట్టినప్పుడు, బయటికి రావాలనుకున్న వాళ్ళకు శిక్ష ఉండదని అదే కాగితంలో పెద్ద అక్షరాల్లో రాయాలి.

సలహాలకు మెట్లు కూడా ఉండాలి. అమెరికా తన పౌరులకు ప్రతి దేశానికీ ఒకటి నుంచి నాలుగు దాకా ఒక అంకె ఇస్తుంది. నాలుగు అంటే వెళ్ళొద్దు, అంతే. జపాన్, ఆస్ట్రేలియాలకూ నాలుగు మెట్లే. బ్రిటన్‌లో వెళ్ళొద్దన్న చోటికి వెళ్తే మామూలుగా ట్రావెల్ ఇన్సూరెన్సు చెల్లదు, కాబట్టి ఆ మాటకు బరువుంటుంది. మనకు అలాంటి కొలత లేదు. "అప్రమత్తంగా ఉండండి", "అనవసర ప్రయాణం మానుకోండి", "ఆలోచించుకోవచ్చు" ఇవే మాటలు. నిన్నటి మాటకంటే ఇవాళ్టి మాట ఎంత గట్టిదో పోల్చుకునే వీలు ఇంటి దగ్గరున్న మనిషికి లేదు. మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అంటే కాకినాడ జాలరికి ఎవరూ వివరించక్కర్లేదు. పదకొండు దాకా ఉన్న ఆ నంబర్లను సముద్రం ఒడ్డున చదువురాని వాళ్ళు కూడా తరతరాలుగా అర్థం చేసుకుంటున్నారు. తుఫానుకు చేయగలిగింది యుద్ధానికి ఎందుకు చేయలేం?

మా తప్పూ ఒకటి చెప్పాలి. మా పిల్ల వెళ్ళిన కొత్తలో ఎంబసీలో పేరు నమోదు చేయించలేదు. చేయించాలని నాకు తెలుసు, వాయిదా వేశాను. పిల్లను పంపే ప్రతి ఇంటికీ ఆ పని మొదటి రోజే చేయమని బతిమాలుకుంటున్నాను.

ఉక్రెయిన్ నుంచి పిల్లలు ఇల్లు చేరారు కానీ, వాళ్ళ చదువు సమస్య తీరలేదు. ఇక్కడి కాలేజీల్లో సీట్లు ఇవ్వడం కుదరదని 2022 సెప్టెంబరులో ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. వేరే దేశంలో పూర్తి చేసుకునే దారి ఇచ్చింది, దానికి మళ్ళీ డబ్బు. వందల మంది పిల్లలు తిరిగి ఉక్రెయిన్ వెళ్ళిపోయారు. అక్టోబరులో ఎంబసీ మళ్ళీ చెప్పింది, వెంటనే ఉక్రెయిన్ వదిలేయండి అని. ఈసారి మాట స్పష్టంగానే ఉంది. ఎక్కడికి వచ్చి ఏ కాలేజీలో కూర్చోవాలో మాత్రం లేదు. మా పిల్ల తిరిగి వెళ్ళలేదు. జార్జియాలో పూర్తి చేసింది. అన్న కుదువ పెట్టిన రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మేశాడు.

2024లో ఇజ్రాయెల్ సంగతి కూడా ఇలాగే నడిచింది. రెండు ప్రభుత్వాల ఒప్పందం మీద భవన నిర్మాణ కార్మికులను ఎంపిక చేసి, ఏప్రిల్ 2న మొదటి జట్టులో అరవై మందికి పైగా పంపారు. పది రోజులకు, ఏప్రిల్ 12న, ఇజ్రాయెల్, ఇరాన్‌లకు ఎవరూ వెళ్ళొద్దని ప్రకటించారు. మర్నాడు రాత్రి ఇరాన్ దాడి చేసింది. రెండో మాట సరైనదే. మొదటి పని చేసేటప్పుడు ఆ రెండో మాట ఎక్కడుంది?

మా మండలం వాళ్ళు కొందరు ఇజ్రాయెల్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నారు, ఎక్కువమంది ముసలివాళ్ళను చూసుకునే పనిలో. 2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం జరిగిన ఆ పన్నెండు రోజుల్లో, రావాలనుకునే వాళ్ళను జోర్డాన్, ఈజిప్టు సరిహద్దుల మీదుగా తీసుకొస్తామని ప్రభుత్వం చెప్పింది. ఊరి గ్రూపులో నేను దాన్ని తెలుగులో చదివి వాయిస్ పెట్టాను. ఎక్కడ పేరు ఇవ్వాలి, ఏ దారిన తెస్తారు, అన్నీ.

ఒక తమ్ముడు రాత్రి రెండింటికి తిరిగి వాయిస్ పంపాడు. వెనక సైరన్ వినబడుతోంది. వాళ్ళ పాత బిల్డింగులో ఇంట్లో బంకర్ గది లేదు. మోగినప్పుడల్లా తొంభై ఏళ్ళ ముసలామెను మూడో అంతస్తు నుంచి కిందికి వీపు మీద మోసుకుపోతాడు.

"మంచిగ చెప్పినవన్నా, అంత సమజైంది" అన్నాడు. "గని నేనొస్తే ఈ ముసల్దాన్ని కిందికి ఎవరు దించుతరు?"